కండవ బొమిక

హార్బరు గేటు ఎదుట సింహాద్రి కొట్లో
రెడీమేడు గుళ్లు వచ్చాయట.
కిలో మూడొందల నలభై.
అన్నీ ఒకే తూకం, ఒకే నునుపు,
బొక్క కూడా సరిగ్గా నడిమధ్యనే.
"ఇంకెన్నాళ్లు కాస్తావే ఆ సీసం?" అన్నాడు దానయ్య,
వల మోకాళ్ల మీద పరుచుకుని.

పొయ్యి మీద మూకుడు కాగుతోంది.
జవాబు చెప్పే పని కాదు అప్పుడు.

మద్దిలపాలెం పంక్చరు షాపులో ఏరుకొచ్చిన చక్రాల బరువులు,
పోర్టు తుక్కులో దొరికిన కేబులు తొడుగు,
తుపానుకి చిరిగిన వల నుంచి కోసుకున్న పాత గుళ్లు,
కాసేపు ఎవరికి వాళ్లే బిగుసుకు కూర్చుంటాయి.
తర్వాత ఒకటి జారుతుంది.
దాన్ని చూసి ఇంకోటి.
తెట్టు పక్కకి తోస్తే కింద మెరుపు.
అందులోకి వంగి చూడొద్దనేది అమ్మ,
పొగ పీలుస్తావని.
తను మాత్రం వంగే చూసేది.

అమ్మ పేరు కొర్లమ్మ.
పెదజాలరిపేట ఇసుకలోకి కొట్టుకొచ్చే కండవ బొమిక,
పంజరంలో పిట్టలు ముక్కు రాసుకునేందుకు
టౌనోళ్లు కొనుక్కుపోయేది,
దాంతో అచ్చు చెయ్యడం నేర్పింది.
రెండు ముక్కలు ఒకదానికొకటి రుద్ది చదును చేసి
మధ్యలో చింతగింజ పెట్టి నొక్కితే
వెన్నలోకి వేలు దిగినట్టు దిగుతుంది.
బొక్క కోసం అడ్డంగా గొడుగుపుల్ల.
సీసం పొయ్యగానే జుట్టు కాలిన కంపు.
నాలుగు పోతలకి అచ్చు మాడిపోతుంది,
అయిదోదానికి మళ్లీ తీరం వెంబడి నడవాల్సిందే.
"ఒక్క చుక్క తడున్నా సీసం తిరగబడతాది" అనేది.
నా ఎడమ మణికట్టు మీద మూడు తెల్ల మచ్చలు
నేను వినని రోజువి.

నా గుళ్లలో ఏ రెండూ కవలలు కావు.
ఒకటి పొట్టది, ఒకటి మెడవంకరది.
అందుకే మా వల గుండ్రంగా పడదు.
యారాడ కొండవైపు కొంచెం సాగుతుంది,
ఎవరో లాగి వదిలిన చెవిలా.
ఇరవై రెండేళ్లుగా దానయ్య నడుము
ఆ వంకరకి సరిపడా తిరుగుతోంది.

చివరికి కొన్నాడు. నాలుగు కిలోలు.
నీ చేతులు వణుకుతున్నాయనలేదు,
సూదిలో దారం మూడుసార్లకి గాని ఎక్కట్లేదనలేదు.
"బాగున్నాయట, సూద్దారి" అన్నాడు.
మూడు రాత్రులు కూర్చుని నేనే కుట్టాను.

మొదటి విసురుకి వల పళ్లెంలా విచ్చుకుంది.
దానయ్య అలవాటుకొద్దీ నడుము తిప్పి
నీళ్లలో కూలబడ్డాడు.
ఎండు చేపలు తిరగేస్తున్న ఆడోళ్లంతా నవ్వారు.
అందరికన్నా ఆఖర్న ఆపింది నేను.
అబద్ధమెందుకు, కవళ్లు బాగానే పడ్డాయి.

మధ్యాహ్నం నేవీవాళ్లు గురి చూసుకునే చోటునుంచి
ఢామ్ ఢామ్‌మని మోత.
అవీ సీసపు గుళ్లే.
వాటిని ఎవరూ దేనికీ కుట్టరు.

వల కడుగుతూ ఒక కొన్నగుండు మీద వేలు ఆగింది.
అతుకు దగ్గర ఆకురాయి గీతలు,
అన్నీ ఎడమపక్కకే వాలి ఉన్నాయి.
ఎడమచేతివాటం మనిషి.
ఎక్కడి షెడ్డో, ఎంత పొగో,
ఇంటికెళ్లాక సూదిలో దారం ఎక్కుతోందో లేదో.
రెడీమేడు అంటాం మనం.
ఆ మనిషి ఏమంటాడో.

మూకుడు తోమి బోర్లించాను.
మళ్లీ వంటకి పనికిరాదు, పారెయ్యనూ లేదు.

నిన్న పొద్దున్న ఒడ్డున
జానెడు పొడుగు కండవ బొమిక,
ఎక్కడా పెచ్చు లేచిపోనిది.
తడిగా ఉందని రేకు మీద ఎండబెట్టాను.
"ఏటికే అది?" అన్నాడు దానయ్య.
పిట్టకి, అన్నాను.

మాకు పిట్ట లేదు.