నూటికి పద్నాలుగు

రాత్రి పదకొండు. బరంపురం.
సెంట్రిఫ్యూజ్ ఆగేదాకా చేతులు కట్టుకుని నిలబడతాను.
పైన ఎండుగడ్డి రంగు నీరు, అడుగున నలుపెక్కిన ఎరుపు.
గొట్టం మీద పేరు: కోరాడ దాలయ్య, అరవై మూడు, పర్లాకిమిడి.
ఒడియాలో ఒకసారి, తెలుగులో ఒకసారి రాస్తాను,
పొద్దున్న ఏ నర్సు వస్తుందో తెలియదు కదా.

రేపు మణికట్టు దగ్గర సన్నని తీగ దూర్చి
పూడుకున్న చోట బుడగ ఊది, స్టెంటు నిలబెడతారు.
దానికి ముందు నా అంకెలు కావాలి.
క్రియాటినిన్ ఒకటి పాయింట్ ఏడు.
హిమోగ్లోబిన్ పది.
వాపు సంగతి చెప్పే సి.ఆర్.పి. ఉండవలసినదానికి నాలుగింతలు.
ఎకో గదినుంచి చీటీ వచ్చింది,
గుండె ఒక్కో పిండుకి ముప్పై ఎనిమిది శాతమే తోస్తోందని.
పాణిగ్రాహి డాక్టరుగారు అన్నిటినీ పట్టికలో వేసి
కింద పెన్సిలుతో రాశారు: నూటికి పద్నాలుగు.

వరండాలో నరసమ్మ ఆపింది.
"ఏటి బావూ ఆ పద్నాలుగు?"
నూరుమందిలో పద్నాలుగు మందికి తరవాత
ఏదో ఒక తేడా రావచ్చునమ్మా, అన్నాను.
"మరీయన ఆ పద్నాలుగులో ఉన్నాడా,
ఎనభై ఆరులో ఉన్నాడా?"

ఇరవై రెండేళ్ళ ఉద్యోగం.
ఈ ప్రశ్నకి ఏ గొట్టమూ రంగు మారలేదు.

మంచం మీంచి దాలయ్యే అందుకున్నాడు.
ఆయనది కొమ్ము పని. గేదె కొమ్ముని సెగ మీద మెత్తబెట్టి
కొంగ మెడలా వంచే పని.
"నూరు కొమ్ములు తెస్తే పదో పన్నెండో పగిలిపోతాయి, అది తెలుసు.
ఏదన్నది సెగ మీదెడితేగాని తెల్దు.
పొర బాగోంది సూస్తే మాత్రం మంట తగ్గిస్తాను, నూనె ఇంకాస్త రాస్తాను.
పారీను గదా, డబ్బెట్టి కొన్నాను."
నరసమ్మ నవ్వలేదు.

అర్ధరాత్రి సెలైన్ పెట్టారు, బొట్టు బొట్టుగా,
మూత్రపిండాలు తట్టుకోవాలని.
రంగుమందు కూడా తగ్గిస్తారట.
నా ఒకటి పాయింట్ ఏడు చెయ్యగలిగిన పని ఇంతే.

మూడో రోజు మళ్ళీ రక్తం తీశాను.
దూది మీద బొటనవేలు ఆయనే నొక్కి పట్టాడు.
గోరు చుట్టూ కొమ్ము పొడి, సబ్బుకి లొంగని తెలుపు.
"పగిలేముందు కొమ్ము టిక్కుమంటాది బావూ.
నాదేటైనా ఇనబడిందా నీకు?"

లేదన్నాను. పరీక్ష ఇంకా చెయ్యనేలేదు.
గొట్టం అరచేతిలో వెచ్చగా ఉంది.
మెట్లు దిగుతూ ఒకసారి చెవి దగ్గర పెట్టుకున్నాను,
ఎవరూ చూడటం లేదు కదా అని.