లాకు తలుపు

గోడ మీద మూడు పటాలున్నాయి, చూడండి.
ఒకటి విశాఖ. ఒకటి పూణె.
మూడోది, నాలుగేళ్లు నేనూ సోఫా మీద పడుకుని
ఫ్యానుకి మా అమ్మ సంగతి చెప్పుకున్నందుకు.

పటం కట్టనిది ఇంకోటుంది.
మా నాన్న లాకు లస్కరు.
కొబ్బరికాయల పడవవాళ్లు కిందనుంచి
తలుపు తియ్యవేంరా అని బూతులు తిట్టేవాళ్లు.
ఆయన బీడీ వెలిగించుకుని
గోడ మీద తడి ఎంతవరకు పాకిందో చూసేవాడు.
"రెండు నీళ్లూ ఒక మట్టానికి రానీ.
అప్పుడు చిన్నపిల్ల తోసినా తెరుచుకుంటుంది."
తోసేదాన్ని నేనే.

ఇప్పుడు పాలకొల్లులో, ఎరువుల కొట్టు మేడ మీద
గురువారం సాయంత్రం ఎనిమిది కుర్చీలు.
గుళికల మందు వాసన.
పదకొండు వారాలు భూషయ్య గడియారం కేసే చూశాడు.
నాకూ నోరు దురద పెట్టింది, ఒప్పుకుంటాను.
పన్నెండో వారం కరెంటు పోయింది.
"ఆ రాత్రి రొయ్యల చెరువులో ఏరియేటర్
ఆగిపోలేదు," అన్నాడు.
"నేనే ఆపాను."

ఎవరూ అయ్యో అనలేదు.
లేసులు అల్లే మేరీరత్నం
చీకట్లో కుర్చీ కాస్త జరుపుకున్న చప్పుడు.

అతని వైపో, అవతలికో
లైట్లు వచ్చాక కూడా
నాకు తెలియలేదు.