సున్నా కింద గడి

జులై ఆఖరు. యశ్వంతపురంలో
మార్కెట్ యార్డు వెనక, రెండో అంతస్తు,
ఉల్లిగడ్డల ఘాటులో నా ఆఫీసు.
సర్వర్ పడుకుంటే మేమూ కాసేపు కునుకు తీస్తాం.
గడువు మాత్రం పడుకోదు.

సుంకులమ్మ వచ్చి గడప దగ్గరే నిలబడింది.
ఆదోని పక్క పల్లె. పీణ్యలో
చొక్కాలకు గుండీలు కుట్టే పని.
పేరులోనే సుంకం ఉన్న మనిషి
బతుకులో ఒక్కసారీ సుంకం కట్టలేదని
చాన్నాళ్ళు నవ్వుకున్నాను.
తర్వాత లెక్క వేస్తే తెలిసింది.
సబ్బుబిళ్లలో కట్టింది, అగ్గిపెట్టెలో కట్టింది,
కొడుకు వేయించే ఫోన్ రీచార్జిలో కట్టింది.
రసీదు లేదు, అంతే.

"సామీ, బియ్యం ఆపేసినారు.
ఏలు పెడితే మిషను ఒప్పుకోలే.
నువ్వు పన్ను కట్టేదానివంట గదా అని
అంగడాయన కన్నడంలో నవ్వినాడు."

రిటర్ను వేసింది నేనే.
పోయినేడు, కొడుకు బండి అప్పుకి
ఆదాయం కాగితం కావాలంటే
ఐదొందలు తీసుకుని
ఆమె జీతం పక్కన టైలరింగు అని రాసి
లేని కుట్టుమిషను ఒకటి తొక్కించాను.
కట్టాల్సిన పన్ను: సున్నా.
ఆ సున్నాని చూసి బ్యాంకు ముద్ర కొట్టింది.
అదే సున్నాని ఇంకో ఆఫీసు
తీసుకెళ్ళి ఆమె కంచంలో పెట్టింది.

పొద్దున నాగవార నుంచి వచ్చినాయనకి
మూడు ఫ్లాట్లు. రీఫండు వారం ఆలస్యమైందని
నా మీద అరిచి వెళ్ళాడు.
తొంభై నాలుగు వేలు వెనక్కి.
ఇంటి అప్పు వడ్డీకి, పిల్లల ఫీజుకి, బీమాకి
చట్టం ఒక్కో సెక్షన్ పీట వేసి కూర్చోబెట్టింది.
దాన్ని ఎవరూ సాయం అనరు.
మినహాయింపు అంటారు. ఎంత మర్యాదైన మాట.
ఏలుముద్ర బియ్యానికే.

టీ తెప్పించాను.
స్క్రీను ఆమె వైపు తిప్పి
ఆ సున్నా ముందు మైనస్ గుర్తు కొట్టి చూశాను.
ఎర్రగా వెలిగింది: చెల్లని అంకె.
మళ్ళీ కొట్టాను. మళ్ళీ ఎరుపు.

కాలేజీలో చదివాను ఎప్పుడో.
ఒక గీత గియ్యాలి.
గీతకి పైనున్నవాళ్ళు కట్టాలి.
కిందున్నవాళ్ళకి అదే ఖజానా
తక్కువపడినదాంట్లో సగం పంపాలి.
రంగురంగుల కార్డులుండవు,
బీదదానివని రుజువు తెమ్మనే గుమాస్తా ఉండడు.
కాగితం ఒక్కటే, డబ్బు అటూ నడుస్తుంది, ఇటూ నడుస్తుంది.
పది మార్కుల ప్రశ్న.
నాకు ఏడు వచ్చాయి.

ఇదంతా చెప్పాను, కొంచెం ఉత్సాహంగానే.
కొంగుతో గ్లాసు పట్టుకుని ఊదుకుంటూ విన్నది.
"ఏడాదికి ఒగసారా సామీ, ఇచ్చేది?"
అవునన్నాను.
"ఆకలి ఏడాదికి ఒగసారి గాదు గదా."

అది నా జవాబులో లేదు.
ఆ మూడు మార్కులు
ఎక్కడ పోయాయో ఇప్పుడు తెలిసింది.

ఇంకా ఉంది.
"ఆ గీత ఎవురు గీస్తారు?"
అడిగి, నా చేతిలో పెన్ను వైపు చూసింది.
మామూలుగానే చూసిందేమో.
ఐదొందలకి ఆమెని గీత దాటించినవాణ్ణి,
పెన్ను జేబులో పెట్టుకున్నాను.

పోయినేటిది దిద్దే గడువు దాటిపోయింది.
ఈ ఏటిది రాత్రి పన్నెండు దాకా ఉంది.
లేని మిషను తీసేస్తే బియ్యం వస్తాయో రావో,
బండి ఉంటుందో పోతుందో,
అసలు కాగితం వేస్తేనే తప్పో
చెప్పేవాడు ఏ ఆఫీసులోనూ లేడు.
ఆదాయం గడిలో గీత ఒకటి
వెలిగి ఆరుతోంది.

సుంకులమ్మ కొంగు ముడి విప్పుతోంది.
"ఈ తూరి ఎంత సామీ?"