ఆఖరి అంకె

మెట్టుగడ్డ కాడ ఆదివారం పొద్దుగాల
పదకొండు పాత జీపులు ముక్కులన్నీ ఒక్క దిక్కు పెట్టి నిలబడ్తయి.
నాది పన్నెండోది. రోడ్డుకు అవుతల.
రమ్మని ఎవరూ అనలే,
పొమ్మని గూడ అనలే.

"కాయితాలు" అన్నడు చెన్నకేశవులు సారు.
పేరడగలే.
ఆర్సీ ఇచ్చిన, ఇన్సూరెన్సు ఇచ్చిన,
కరెంటోళ్ల వేలంపాటల కొన్న రశీదు ఇచ్చిన.
వానకు తడిసి నీలం సిరా పారిన కాడ
కండ్లద్దాలు పైకి లేపి చూసిండు.
సంబంధం మాట్లాడ్తందుకు వచ్చి ఇంటిపేరు అడిగినట్టు
ఇంజను ఏ సాలుది అన్నడు.

ఘౌస్ మియా గోనెసంచి పరుచుకొని బండి కిందికి దూరిండు.
టార్చి ఏసి చాసిస్ నంబరు
ఒక్కొక్క అంకె పిలుస్తుంటే పైన ఒకడు రాసుకుంటున్నడు.
ఆఖరి అంకె మీద తుప్పు.
మూడా? ఎనిమిదా?
గోరుతోని గీకిండు. కిరసనాయిలు గుడ్డతోని తుడిచిండు.
మూడైతే నేను దొంగను,
ఎనిమిదైతే తమ్ముణ్ణి.

ఎనిమిది.

అయినా అయిపోలే.
ఇద్దరు పాత మెంబర్ల సంతకాలు కావాలన్నరు.
ఒక సంతకానికి దేవరకద్ర పోయిన,
ఇంకోదానికి జడ్చర్లల విత్తనాల దుకాణం ముందు
రెండు గంటలు ఎండల నిలబడ్డ.
ఆయన లోపల అన్నం తింటున్నడు.

వాళ్ల తప్పు గాదు, ఎన్కసిరి తెలిసింది.
మూడేండ్ల కింద ఒకాయన వచ్చిండట,
నవ్వుమొఖం, అందరి పిల్లల పేర్లు నోటికొచ్చు.
మాసన్న కొత్తగ రంగేయించిన ఎర్ర జీపును
ఒక్క రౌండు కొట్టొస్తనని తోలుకపోయి
రాయచూరు రోడ్డు పట్టిండట.
ఆ రౌండు ఇంకా అయిపోలే.
మాసన్న ఇప్పటికీ వస్తడు, సైకిలు మీద.
మెంబరు నంబరు రెండు.
బండి లేదని ఎవరూ కొట్టెయ్యలే.

అద్దం మీద గుండ్రటి స్టిక్కరు అతికిచ్చిన నాడు
సారు నన్ను అలుముకున్నడు.
ఆరువందల ఫీట్లు ఉత్త దుమ్మే లేసి
బోరు బండోడు పైపులు గుంజుకునే యాళ్లకు
నీళ్లు తన్నినట్టు
నవ్వు.
ఇడ్లీ ప్లేటు నా చేతిలకొచ్చింది.
నాజిళ్లు నేను చేపిస్త తమ్మీ అని ఒకాయన,
ఎల్లుండి మా ఇంట్ల దావతు అని ఇంకొకాయన.
మనిషిని నేనే. బండి అదే. తుప్పు పట్టిన ఎనిమిది అదే.
నడుమ వచ్చింది రెండు రూపాల గమ్ము.

సంతోషమే అయింది, అబద్ధమెందుకు.
ఇల్లు చేరేదాక ఉంది.
గేటు తీస్తుంటే
చెప్పుల రాయి దూరినట్టు ఏదో గుచ్చింది.

మొన్న ఆదివారం
రోడ్డుకు అవుతల ఇంకో జీపు.
ఆకుపచ్చది, ఒక్క మడ్‌గార్డు మట్టుకు నలుపు.
కుర్మయ్య అట. మక్తల్ నుంచి
నాలుగింటికి బయలెల్లిండట.
ముందు సీట్ల బిడ్డ పండుకొని ఉంది,
టార్పాలిన్ ముక్క కప్పుకొని.

ఘౌస్ మియా టార్చి నా చేతిల పెట్టిండు.
"మోకాళ్లు నొస్తున్నయిరా. ఇగ నువ్వు దూరు."

దూరే ముందట "కాయితాలు" అన్న.
అచ్చం సారు గొంతు.

కిందికెళ్లి కుర్మయ్య కాళ్లు కనవడ్తున్నయి.
ఒక పాదం ఇంకో పాదాన్ని రుద్దుకుంటున్నది.
నుదుటి మీద నూనె చుక్క పడ్డది, తుడుసుకోలే.
పైన సైకిలు స్టాండు ఏసిన సప్పుడు,
మాసన్న గొంతు:
"ఎంత దూరం నుంచొచ్చినవో ఏమో, చాయ్ తాగినవానె?
బిడ్డను లేపు, పాలు తాపుదాం."

రుద్దుకునే పాదం ఆగింది.
రెండు జతల చెప్పులు, ఒక చిన్న జత,
సైకిలు చక్రం
హోటలు దిక్కు పోయినయి.

నేను అంకెలు పిలుస్తనే ఉన్న.
నాలుగు... ఒకటి... సున్న...
రాసుకునేటోడు గూడ
చాయ్ కాడికే పోయిండని
శానాసేపటికి తెలిసింది.