వంత

ఆదివారం దండులో నాకు కత్తి రాలేదు.
సరుగుడు కత్తులు పన్నెండు, మనుషులం పదమూడు.
"నువ్వు కథ చెప్పు" అన్నాడు త్రిమూర్తులు,
వారమంతా కరెంటు స్తంభాలెక్కి
ఆదివారం రెడ్డిరాజుల కాలంలోకి దిగే మా రాజు.
"దండు వెనకాల కథకుడొకడు నడిచేవాడంట, ఆయ్."

రొయ్యల మేత కొట్టులో లెక్కలు రాస్తాను నేను.
నా గొంతుకి బస్తాల లెక్క తప్ప తెలీదు.

కోటిపల్లి రేవు దాటి
గంటా సువార్తమ్మ ఇంటికెళ్ళాను.
ఒకప్పుడు నలభై ఊళ్ళని నిద్రపోనివ్వని మనిషి
రేకుల వసారాలో చింతపండు గింజలు తీస్తోంది.
గోనెసంచిలోంచి తంబురా దించి మీటింది.
ఒక తీగ పలికింది,
రెండోది తుప్పు రాల్చింది.

"ఎన్నాళ్ళు నేర్చుకుంటావు?"
"మూణ్ణెల్లండి."
"నాకు దగ్గు ఆపుకోడానికే ఏడాది పట్టింది."

మొదటి నెల పాట లేదు.
నడక.
మూడడుగులు ముందుకి, రెండు వెనక్కి,
కాలు వెనక్కెళ్ళినా చూపు వెళ్ళకూడదు.
బొటనవేలికి అందె తొడిగింది.
నా వేలు సన్నం, దారం చుట్టి బిగించింది.
కొట్లో పెన్ను పట్టినప్పుడల్లా
వాచిన వేలు తాళం వేసేది.

ఊపిరి గురించి ఒకే మాట:
"బిందె ఎత్తేముందు పీలుస్తావే, అంత పీల్చు.
గుమ్మం దాకా మిగలాలి."

రెండో నెల కథ తెచ్చాను.
ఏరు పొంగి లంకలో చిక్కిన రాజు,
రాత్రికి రాత్రి దాటి శత్రువుని గెలిచిన రాజు.
పుస్తకంలో ఉన్నట్టే చదివాను.
"బానే ఉంది పంచనామా" అంది.
"ఆ రాత్రి పడవ ఎవరు నడిపారు?
వాడి చేతులెలా ఉన్నాయి?
అది చెప్పి, ఆనక గెలిపించుకో నీ రాజుని."

చరణం చివర ఆగేది సువార్తమ్మ.
ఊపిరికేమో అనుకున్నాను.
కాదు. చెల్లెలు కరుణమ్మ "సై" అనే చోటది.
ముప్పయ్యేళ్ళు ఎడంపక్క గుమ్మెట వాయించి
నాలుగేళ్ళ కిందట పోయింది కరుణమ్మ.
పాట ఆమె జాగా ఆమెకి అట్టేపెట్టింది.

ఒకరోజు ఆ జాగాలో నేనన్నాను: సై.
ఆమె తల తిప్పలేదు.
"ఆలస్యం. అది ఇంకాస్త ముందు అనేది."

యుద్ధం రోజు లంకలో ఎండ.
పాత కూలర్ల డొప్పలు డాళ్ళు,
అల్యూమినియం గిన్నెలు కిరీటాలు,
చూడ్డానికి యాభైమంది, ఒక ఐసుబండి, దారితప్పిన మేకలు.
పదినిమిషాల్లో ఆరుగురు వీరమరణం.
"ఇసక కాలతంది, బేగా కానీయ్"
పడుకున్నచోటే పళ్ళబిగువున అన్నాడు చచ్చిపోయిన ఏడుకొండలు.

పేరుపేరునా పొగడాలి పడినవాళ్ళని.
ముగ్గురి పేర్లు వచ్చాయి.
నాలుగోది ఏట్లో పడిపోయింది.

అందె ఆడించాను.
మూడడుగులు ముందుకి.
రెండు వెనక్కి.
ఎక్కణ్ణుంచి వచ్చాడో వచ్చాడు కొల్లాటి పోలయ్య,
ఏ పుస్తకంలోనూ లేనివాడు,
గెడ పట్టి పట్టి అరచేతులు చీలినవాడు,
రాజుని ఒడ్డుకి చేర్చి
రేవు కూలి అడగడానికి మొహమాటపడ్డవాడు.
వాడి చేతుల్లోకి ఉప్పు దిగింది అన్నాను,
వాడి చేతులు ఏట్లో ముంచి
నీళ్ళు ఎర్రబడ్డాయి అన్నాను,
ఆ ఎరుపే తెల్లారింది అన్నాను,
ఊపిరికి ఆగాను,

గొడుగు కిందనుంచి, ప్లాస్టిక్ కుర్చీలోంచి
"సై!"
కాస్త ముందుగానే.

ఐసుబండివాడు గంట కొట్టడం మానేశాడు.
ఏడుకొండలు కదల్లేదు.

తిరుగు పంటు మీద
తంబురా ఒళ్ళో పెట్టుకుని అడిగింది:
"ఇంతకీ మీ రాజు గెలిచాడా?"

నాకు అప్పుడు గుర్తొచ్చింది.
గెలిపించడం మర్చిపోయాను.
ముమ్మిడివరంలో ట్రాన్స్‌ఫార్మర్ పేలిందని ఫోనొస్తే
కిరీటం తియ్యకుండానే
బండెక్కి వెళ్ళిపోయాడు త్రిమూర్తులు.