ఈతకొలను టికెట్ల కిటికీ నుంచి

తల మీద తిమింగలంతో వచ్చిందా రోజు సోల్‌రూన్.
నాలుగేళ్ల డాగుర్ నీలం పెన్నుతో గీశాడట,
తోక చెవి వెనక్కి వంకర తిరిగింది.
"జుట్టుండగా ఇంత చోటు దొరికేదా వాడికి?" అంది.
నవ్వాలో వద్దో తెలియక
ఒకటికి రెండు టికెట్లు చింపాను.

హూసావిక్‌లో జనవరి. పదకొండయితే గానీ తెల్లారదు.
వేడినీళ్లలో మెడదాకా మునిగి ఉంటే
మంచు పడటం అందరికంటే ముందు
తనకే తెలిసేది.
"మొదలైంది!" అని అరిచేది.
ఉన్ని టోపీలన్నీ ఒక్కసారి పైకి లేచేవి.

ధైర్యవంతురాలని ఊరంతా అనేది.
కీమో మర్నాడు నా మెట్ల మీద కూలబడి
"ఇవాళ ధైర్యానికి సెలవు. కాఫీ ఉందా?" అనడం
నేనొక్కదాన్నే విన్నాను.
సగం తాగింది.
మిగతా సగం, "రేపటికి దాచు" అంది.

ముప్పై రెండేళ్లు.

నిన్న డాగుర్ వచ్చాడు, ఆరేళ్లవాడిప్పుడు,
నాన్న చెయ్యి విడిపించుకుని
టోపీ తీసేసి, తడితల వెనక్కి వాల్చి
కళ్లు మూసుకు నిలబడ్డాడు.
చాలాసేపు.
తర్వాత అరిచాడు.

ఆకాశంలో ఏమీ లేదు ఇంకా.
కిటికీలోంచి చెయ్యి బయటికి చాపాను.