పితికిపప్పు కాలం

మారుతేశుకు పెన్సిలిస్తే
పిడికిలితో పట్టుకుంటాడు, రోకలి పట్టినట్టు.
చుక్కల మీద ఒక్క పోటు పొడిచి
కాగితానికి బొక్క పెట్టి
ఆ బొక్కలోంచి నన్ను చూస్తాడు.

నాలుగేళ్ళు నిండాయి.
ఫోన్లో బొమ్మల్ని బొటనవేలితో ఎగదోసి
నచ్చనిదాన్ని ఇట్టే పంపించేసే చెయ్యి
చొక్కా గుండీ దగ్గర మాత్రం
కొత్త ఊళ్ళో బస్సు దిగినవాడిలా నిలబడిపోతుంది.

వాళ్ళమ్మ తిప్పక్క పైఅంతస్తులో
కాజాలు కుట్టే మిషను మీద ఉంటుంది.
ఏ దేశంలోనో ఎవరో పెట్టుకునే గుండీలకి
పొద్దున్నుంచీ దారులు తీసి తీసి
మధ్యాహ్నం కిందికి దిగి
కొడుకు గుండీలు తనే పెట్టి పోతుంది.
"యాల రాదు మేడం వీనికి?
వేళ్ళల్లో సత్తువ లేదా?"

నేనేం డాక్టర్ని కాను.
పీణ్యలో ఈ గార్మెంట్స్ క్రెష్‌కి
పదకొండేళ్ళుగా ఆయాని, టీచర్ని,
కారే ముక్కులన్నిటికీ కొంగుని.
నాకు తెలిసిందల్లా ఇంతే:
అక్షరం వేళ్ళలోకి రాకముందు
భుజంలో ఉంటుంది.
తర్వాత మోచేతికి, మణికట్టుకి
మెట్టు మెట్టుగా దిగొస్తుంది.
తొందరపెడితే మెట్టు మీదే కూచుని ఏడుస్తుంది.

అందుకే వాడికి బకెట్టు నీళ్ళూ, సున్నం బ్రష్షూ ఇచ్చాను.
పెరటి గోడంతా ర రాశాడు,
వాడంత ఎత్తు ర.
ఎండ తాగేసింది. మళ్ళీ రాశాడు.
తడిగుడ్డలు పిండించాను.
పళ్ళెంలో రాగులు పోసి వేలితో దిద్దించాను.
సగం రాగులు జేబులోకి పోయాయి.

ఆఫీసు నుంచి శిల్పశ్రీ మేడం వచ్చి
వర్క్‌షీట్లేవీ అంది.
ఫైల్లో పెట్టాలట.
ఆరిపోయిన గోడని ఏ ఫైల్లో పెట్టను?

డిసెంబరొచ్చింది.
సందు మొదట్లో బండ్ల నిండా అవరెకాయలు.
మా వైపు అనపకాయలంటాం,
పేరు మారినా చేతికంటే జిడ్డు అదే.
రాత్రి నానేసిన గింజలు గిన్నెతో తెచ్చి
పిల్లల మధ్య పెట్టాను.
బొటనవేలు ఇటు, చూపుడువేలు అటు,
కింద మధ్యవేలి ఆసరా.
"నొక్కు" అన్నాను.
చుయ్‌మని పప్పు ఎగిరి
గౌసియా నుదుట తగిలింది.

ఇంక ఆ మధ్యాహ్నం
ఒక్కరు నిద్రపోతే ఒట్టు.
మారుతేశు నాలిక బయటపెట్టి పితుకుతూనే ఉన్నాడు,
లెక్క కూడా వాడిదే,
ఇరవై తర్వాత మళ్ళీ పదకొండు.

ఆ జిడ్డు వేళ్ళలోనే పెన్సిల్ పెట్టాను,
కొత్తది కాదు, చెక్కీ చెక్కీ మిగిలిన ముక్క,
పిడికిలికి చోటు దొరకని ముక్క.
మొదటి చుక్క, రెండో చుక్క,
మూడోదాన్ని వదిలేసి
పొలానికి అడ్డంపడి పోయి
మళ్ళీ గట్టెక్కాడు.
షీటు కన్నడది. ర తలమీది గీత అడ్డంగా ఉంటుంది.
వీడు టిక్కు పెట్టినట్టు పైకి లాగాడు.
ఎవరు నేర్పారో!
గోడ మీద నేనే అయుంటాను.

తిప్పక్క ఎప్పుడొచ్చిందో
వెనకే నిలబడి చూస్తోంది.
"చుక్కలెంబడి పోయేదేనా మేడం చదువంటే?
మేమూ సుద్దగీత మింద కుట్టుకుంటా పోతాం.
కుట్టినాక గీత దులిపేస్తాం, అంతే."
నవ్వి, ఏమనుకుందో,
వేలు చాచి పక్క ర మీద తనూ దిద్దింది.
మిషను నూనె అంటి
ఆ ఒక్క అక్షరం కాగితంలో నానిపోయింది.
సైరన్ మోగింది. పరిగెత్తింది.

ఫైల్లో ఆ షీటే పెట్టాను.
మరకేంటని శిల్పశ్రీ మేడం అడిగితే
అప్పుడు చూసుకుందాం.

సాయంత్రం చొక్కా వాడే వేసుకున్నాడు.
ఐదు గుండీలు, ఇరవై నిమిషాలు.
ఎక్కడో ఒక కాజా తప్పి
ఎడమ అంచు కిందికి వేలాడుతోంది.
సరిచెయ్యబోయిన చెయ్యి
వెనక్కి తీసుకున్నాను.
గేటు దాకా అట్లాగే వంకరగా నడిచాడు,
అనప వాసన వేళ్ళు
అమ్మ ముక్కు దగ్గర పెడుతూ.